వందకు రాసిన కాగితం

బొగ్గు తవ్వేటప్పుడు పోశానికి ఎప్పుడూ కోపం రాదు. ఆ రోజు వచ్చింది. రాత్రి షిఫ్టు అయిపోయినా గనిలోంచి పైకి రాకుండా పగటి షిఫ్టు కూడా తనకే రాయించుకున్నాడు. మధ్యాహ్నం పన్నెండుకు ఎల్లేశం గడువు తీరిపోతుంది. అప్పటిదాకా దొరకకుండా ఉంటే తన మెట్టభూమి, ఆ చెలక, తనకే మిగులుతుందని అతని ఆశ.

పోయిన ఏడాది, డెబ్బై మూడులో, భూముల బేరగాడు ఎల్లేశం వంద రూపాయలు చేతిలో పెట్టి కాగితం రాయించుకున్నాడు. ఊరి పక్కనున్న పోశం ఎకరం చెలకను ఏడాది లోపల ఎప్పుడైనా వెయ్యికి కొనే హక్కు ఎల్లేశానిది. కొనకపోతే ఆ వంద పోశానికే. రాళ్ల చెలకను వెయ్యి పెట్టి ఎవడు కొంటాడని పోశం లోలోపల నవ్వుకున్నాడు. తర్వాత ఆ పక్కనే గని కార్మికులకు కొత్త క్వార్టర్లు పడతాయన్నారు. ఎకరం ఆరు వేలైంది.

ఇప్పుడు ఆ నవ్వే అతన్ని కొరుకుతోంది. మోసపోయినవాడికి తిట్టుకోవడానికి ఒక మనిషి ఉంటాడు. ఎదుటివాణ్ణి మోసం చేస్తున్నాననుకొని తానే మోసపోయినవాడికి ఎవరూ ఉండరు.

మొన్న అక్క లస్మవ్వ దగ్గర మొర పెట్టుకుంటే ఆమె జాలి పడలేదు.

“నా పసుపు సంగతి ఎరికేనా తమ్మీ?”

“ధర పడిపోయింది గద.”

“పడితే నాకేంది? ఇత్తనం పెట్టిననాడే షావుకారికి ముప్పై రూపాలిచ్చి కాయిదం రాపిచ్చుకున్న. బస్తాకు నూటయాభై లెక్కన, నేను అమ్ముతా అంటే ఆయన కొనాలె. ధర నూరుకు పడ్డది. పండ్లు కొరుక్కుంట కొన్నడు.”

“పెరిగితే?”

“పెరిగితే కాయిదం పొయ్యిల పెట్టి బయట అమ్ముకుందును. ముప్పై రూపాలు పోతుండె, గంతే.”

“నాది గసొంటి కాయిదమే గదనే.”

“ఏడిసినట్టున్నది! నేను పైసలిచ్చి ఇష్టం కొనుక్కున్న. నువ్వు పైసలు తీసుకొని నీ ఇష్టం అమ్ముకున్నవ్. కొనుడు ఆయన ఇష్టం, కొనకపోవుడు ఆయన ఇష్టం. నీకు మిగిలింది తలకాయ ఊపుడు.”

పోశం చేతిలోని చెంబు గోడకేసి కొట్టి లేచి వచ్చాడు. ఆమె చెప్పింది అబద్ధమైతే అంత కోపం వచ్చేది కాదు.

గనిలో షిఫ్టు సర్దారును పదిసార్లు టైము అడిగాడు.

“పన్నెండు దాటిందిర అయ్యా! ఏంది, పెండ్లి ముహూర్తమా?” అని సర్దారు విసుక్కున్నాడు.

ఆ మాటతో ఒళ్లు తేలికైంది. మిగిలిన మూడు గంటలూ పోశం ఇద్దరి పని చేశాడు. ఎల్లేశం తన గుమ్మం ముందు చెమటలు కక్కుతూ నిలబడినట్టు ఊహించుకున్నాడు.

మూడింటికి పైకి వస్తే, గని ముందర టైమాఫీసు గుమస్తా దావీదు నిలబడి ఉన్నాడు. పోయిన ఏడాది ఆ కాగితం మీద సాక్షి సంతకం చేసింది అతనే. చేతిలో రుమాలు మూట.

“ఎల్లేశం పొద్దుగాలనే ఇచ్చిపోయిండు. వెయ్యి. చూస్కో.”

“నువ్వెట్ల తీసుకున్నవ్ దావీదన్నా? నేను లేను గద!”

“నువ్వు దొరకకుంటే సాక్షికిచ్చినా ఇచ్చినట్టే అని కాయిదంల ఉన్నది. ఆనాడు నేనే సదివి ఇనిపిచ్చిన. నువ్వు నోట్లు చూసుకుంట కూసున్నవ్.”

“నేను ఊ అనాలె గదన్నా!”

“ఇప్పుడు అనే పనిలేదు పోశం. పోయినేడే అన్నవ్.”

పోశం మూట తీసుకోలేదు. రాత్రంతా, పగలంతా తాను దాక్కున్నది ఎల్లేశం నుంచి కాదు. ఏడాది కింద తన నోటినుంచి వచ్చిన ఒక్క ఊ నుంచి. అది తన కంటే ముందే గని ముందరికి చేరి, తనకోసం కాచుకొని కూర్చుంది.

అంతలో ఎల్లేశం సైకిలు దిగి వచ్చాడు. ముఖంలో ఎగతాళి లేదు. అదే పోశానికి భరించరానిదైంది.

“పోశన్నా, రిజిస్ట్రేషన్ ఎప్పుడు పెట్టుకుందం? నీ ఇష్టం.”

పోశం చెయ్యి లేచింది. ఎల్లేశం కళ్లద్దాలు బొగ్గుపొడిలో పడ్డాయి. దావీదు మధ్యలోకి వచ్చి పోశం భుజాలు పట్టుకున్నాడు.

ఎల్లేశం వంగి అద్దాలు తీసుకున్నాడు. చొక్కా అంచుతో తుడుచుకొని పెట్టుకున్నాడు. చెంప మీద నాలుగు నల్లటి వేళ్లు.

“సరే, సోమారం,” అని సైకిలెక్కాడు.