పోటీల్లో వన్స్ మోర్ లేదు

ఆదివారం నాటకముంటే సోమవారం పొద్దున్నే లాజరు విజయవాడ ఆటోనగర్‌లో లేత్ మిషన్ ముందుండేవాడు. ముందురోజు చచ్చిపోయాడని షెడ్డులో అందరికీ తెలుసు. చస్తే చచ్చావు గానీ లేటుగా రాకు అనేవాడు ఓనరు.

నాటకం చివర్లో, చెల్లెలు మనసుపడ్డ పడవవాణ్ణి అన్న పొడిచి చంపుతాడు. ఆ పిల్ల చూస్తూ నిలబడుతుందే గానీ ప్రేమించానని నోరు విప్పదు. అన్న వేషం వెంకటకృష్ణారావుది, నాటక సమాజమూ ఆయనదే. చెల్లెలి వేషం ఆయన సొంత చెల్లెలు రామతులసిది. కత్తి నిజంది. పడవవాడి వేషంలో లాజరు నిజంగానే ప్రాణం వదిలేవాడు. జనం "వన్స్ మోర్" అని అరవగానే గాయం మూసుకుపోయేది. లేచి, చావు పద్యం మళ్లీ పాడి, ఈసారి ఊరికే పడిపోయేవాడు.

నెత్తురు జుబ్బా రామతులసి ఉప్పునీళ్లలో నానేసి ఉతికేది. ఇచ్చేటప్పుడు బొత్తాలు కుట్టానని చెప్పేది. ఎనిమిదేళ్లుగా వాళ్ల మధ్య అంతే మాట. చర్చికి పోయేవాడి చూపు తన ఇంటిపిల్ల మీదుందని అన్నకి కడుపుమంట.

తొంభై ఏడులో ఆయన చల్లపల్లి నాటక పోటీలకి పేరిచ్చాడు. మధ్యాహ్నం రంగు పూస్తూ మేకప్ మాణిక్యం నిబంధనల కాగితం చదివాడు. వన్స్ మోర్ నిషేధం. ఎవరన్నా అడిగితే సమాజం పోటీలోంచి అవుట్.

"అన్నయ్యా, ఇవాళ్టికి అట్టకత్తి పట్టుకో."

"జడ్జీల ముందు పరువు తీసుకోమంటావా?"

"మనిషి పోతాడు."

"పోతే నీకేంటంట?"

రామతులసి జడలో పిన్ను పెట్టుకుంది. ఆమె ఏమంటుందోనని లాజరు గుమ్మంలో కాసేపు ఆగాడు. తర్వాత స్టేజీ ఎక్కాడు.

వెంకటకృష్ణారావు మూడుసార్లు పొడిచి, కత్తి లోపలే తిప్పాడు. నెత్తురు ముందువరస దాకా చిమ్మింది. లాజరు పడిపోయాడు. హాల్లో ఎవరో నోరు తెరవబోతే వాలంటీరు భుజం నొక్కాడు. తెర దిగడం మొదలైంది.

"వన్స్ మోర్," అంది రామతులసి.

లాజరు లేచాడు. అన్న అతని గొంతులో పొడిచాడు. "వన్స్ మోర్." డొక్కలో పొడిచాడు. "వన్స్ మోర్." జడ్జీలు బెల్లు కొట్టి, సమాజం పేరు కొట్టేశారు.

"నోరు మూస్తావా, నిన్నూ పొడవనా?" అన్నాడు అన్న.

"పొడువు. అంటూనే ఉంటా."

ఏడోసారికి ఆయన చెయ్యి లేవలేదు.

లాజరూ రామతులసీ మేకప్‌తోనే విజయవాడ బస్సెక్కారు. సీటుకి నెత్తురు అంటించొద్దన్నాడు కండక్టరు. లాజరు గాయాలు ఈసారి పూర్తిగా మూసుకోలేదు.

"జనం పిలిస్తే లేచినప్పుడెప్పుడూ నొప్పి తెలీలేదండీ," అన్నాడు. "మీరు పిలిస్తే..."

"మాట్లాడకు, కుట్లేయించాలి," అని రామతులసి పమిట చెంగు అతని గొంతుకి అదిమిపట్టింది. బస్టాండు వచ్చేదాకా తనే మాట్లాడుతూ ఉంది.