నువ్వు కదలకపోతే

పాటలు ముందే ఉన్నాయి, కథే లేదు. మాటల రచయితకు అప్పగించిన పని అదీ. ఒకప్పుడు కుర్రకారును ఉర్రూతలూగించిన ఒక రాక్ బ్యాండు పాటలన్నిటినీ ఒకే నాటకంలోకి ఎక్కించాలి. వాటి మధ్య మనుషుల్ని పుట్టించి, ప్రేమలు కలిపి, తగువులు పెట్టి, అతుకులు కనిపించకుండా కుట్టాలి. ఒప్పుకున్నప్పుడు ఇదేమంత బ్రహ్మవిద్య అనుకున్నాడు. ఇప్పుడు అద్దంలో తన మొహం తనకే ఉతికి పిండిన గుడ్డలా కనిపిస్తోంది.

మిగతా పాటలు ఎలాగోలా దారికొచ్చాయి. ‘నువ్వు కదలకపోతే’ ఒక్కటే మొండికేసింది. బ్యాండుకు పేరు తెచ్చిన పాటే అది. అది లేకపోతే జనం కుర్చీలు విరగ్గొడతారని దర్శకురాలు ముందే చెప్పింది. ‘నువ్వు కదలకపోతే నాకు దారే లేదు, నీ గుండె దగ్గితే నాకు నిద్రే లేదు’ అని మొదలవుతుంది. గుండె దగ్గడమేమిటో అతని బుర్రకెక్కలేదు. నాయికకు జబ్బు తెప్పించి చూశాడు. చదివి దర్శకురాలు నవ్వింది. జబ్బు నయం చేసేశాడు.

బ్యాండులో మిగిలినవాళ్లు ఇద్దరే: పాడినాయన, గిటారు వాయిస్తూ పాటలు రాసినాయన. ఇద్దరూ బావా బావమరుదులు. బ్యాండు విడిపోయాక ఒకరి గడప ఒకరు తొక్కడం మానేశారు. అందుకని ఏది అడగాలన్నా మాటల రచయితే ఆ ఇంటికీ ఈ ఇంటికీ కాళ్లరిగేలా తిరగాలి.

“అందులో ఆలోచించడానికేముందయ్యా,” అన్నాడు గాయకుడు సోఫాలో వెనక్కి వాలి. “అది మా ఆవిడ కోసం. వాడు రాశాడు, నేను వాళ్లక్క కళ్లల్లోకి చూస్తూ పాడాను. ఆ పాటతోనే నాకు పెళ్లయింది.”

బావమరిది వాయిద్యాలు బాగుచేసే కొట్టులో, ఒళ్లో గిటారుకు తీగ బిగిస్తూ కూర్చున్నాడు. ప్రశ్న విన్నా తీగ బిగించడం ఆపలేదు.

“అది మా వ్యాను గురించి రాసిందండీ,” అన్నాడు. “ఎక్కడపడితే అక్కడ ఆగిపోయేది. ఇంజను దగ్గేది. దాన్ని నమ్ముకునే మేం ఊళ్లు తిరిగాం.”

మాటల రచయితకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. “మరి మీ అక్కగారికి చెప్పలేదా?”

“పెళ్లికి ముందు చెబితే సంబంధం చెడుతుంది. తర్వాత చెబితే కాపురం చెడుతుంది. ఇంకెప్పుడు చెప్పను?”

ఈ మాట మోసుకెళ్లి గాయకుడికి చెప్పే ధైర్యం అతనికి లేదు. ఓపిక అసలే లేదు. ఇద్దరినీ రిహార్సల్‌కు పిలిపించమని దర్శకురాలిని బతిమాలాడు. ఇద్దరూ వచ్చారు. గాయకుడితో పాటు ఆయన భార్య కూడా వచ్చింది. ఫ్యాను గాలి సరిగా తగలని పెద్ద హాలు. నేలమీద సుద్దముక్కతో గీసిన గీతలే గదులు, వీధులు. ఒక గీత లోపల నాయకుడు నాయిక చెయ్యి పట్టుకుని ఆ పాట అందుకున్నాడు. గాయకుడు కళ్లు మూసుకుని తల ఊపుతున్నాడు.

“అది వ్యాను, బావా,” అన్నాడు బావమరిది, ఇక ఉండబట్టలేక.

పాటకు వాయిస్తున్న పియానో ఆగిపోయింది. ఎన్నో ఏళ్ల తర్వాత బావతో అతను మాట్లాడిన మొదటి మాట అదే. విషయం మొత్తం చెప్పేశాడు. గాయకుడి మొహంలో నెత్తురుచుక్క లేదు. మెల్లగా భార్య వైపు తిరిగాడు.

ఆమె ఫ్లాస్కు మూతలో పోసుకున్న టీ తాగడం ఆపలేదు. “నాకు తెలుసు. వీడు అది రాస్తున్నప్పుడు వ్యాను వెనక సీట్లో ఉన్నది నేనే.”

“తెలిసే చేసుకున్నావా నన్ను?”

“పాట చూసి ఎవరైనా చేసుకుంటారా? బండి ఆగినప్పుడల్లా అందరూ లోపల కూర్చుని సలహాలిచ్చేవాళ్లు. నువ్వొక్కడివే బురదలో దిగి తోసేవాడివి. అది చూశాను.” మూత బిగించి తమ్ముడి వైపు తిరిగింది. “మీ ఇద్దరి మధ్యా నేను నలిగింది చాలు. ఇక ఈయన్నైనా వదిలిపెట్టండి.”

ఈయన అంటే మాటల రచయిత. అతను అక్కడే, చల్లటి గోడకు వీపు ఆనించి కూర్చుని రాయడం మొదలుపెట్టాడు. దారిలో ఆగిన బండి, దిగి తోస్తున్నవాడు, లోపలి నుంచి చూస్తున్న అమ్మాయి. రాసింది చేతికిస్తే దర్శకురాలు చదివింది. ఈసారి నవ్వలేదు.

మొదటి ప్రదర్శనలో ఆ పాటకు జనం లేచి నిలబడ్డారు. గాయకుడు కళ్లు తుడుచుకున్నాడు. వేదిక మీది వ్యానును చూసి, రంగు అది కాదని బావమరిది గొణిగాడు. ఆ రంగేదో తేల్చుకోవడానికి ఇద్దరూ గుమ్మం దాకా వాదించుకుంటూ వెళ్లారు. ఆమె వాళ్ల వెనక, తొందరేమీ లేకుండా నడిచింది.

మాటల రచయిత ఇంటికి చేరాక, ఎలా జరిగిందని భార్య అడిగింది.

“అయిపోయింది,” అని, చెప్పులు కూడా విప్పకుండా మంచం మీద వాలిపోయాడు.