మామ మగ్గం గుంట

అమావాస్య వెళ్లిన మరునాడు అంతయ్య వస్తాడని, రెండు మోకాళ్లకూ వాతలు పెట్టించుకుంటానని అత్త చెప్పిన పూట నేను వడ్డించుకున్న అన్నం మళ్లీ కుండలో వేశాను. అంతయ్య ఇనుప కడ్డీని ఎర్రగా కాల్చి నొప్పి ఉన్నచోట ఆనించే మనిషి. మా అమ్మమ్మకు ఎవరో అలాగే పెట్టారు. పుండు చీము పట్టింది. మూడు నెలలు పక్కన కూర్చొని ఈగలు తోలింది నేనే. నా నాలుగో తరగతి అక్కడే ఆగిపోయింది.

అమావాస్యకు ఇంకా పదహారు రోజులున్నాయి.

మా అత్త దేవవ్వ. చొప్పదండిలో మా వాడకట్టు మగ్గాలన్నిటికీ పడుగు, అంటే నిలువు పోగులు, పోసేది ఆమే. వీధి పొడవునా కర్రలు పాతి, వాటి చుట్టూ నూలు వేస్తూ పొద్దంతా నడవాలి. ముప్పై ఏళ్లు అలా నడిచిన మోకాళ్లు ఇప్పుడు పొద్దున లేస్తే బిగుసుకుపోతున్నాయి, సాయంత్రానికి పొంగుతున్నాయి. నేలమీద కూర్చుంటే మళ్లీ లేవడం ఇద్దరి పని.

మర్నాడే నా పాపకు జలుబని సాకు చెప్పి మిషన్ దవాఖానకు పోయాను. అక్కడి నర్సు మగ్దలేనమ్మ పాపను చూసి ఏమీ లేదన్నది. అప్పుడు మెల్లగా అత్త సంగతి అడిగాను. పది రోజులుగా ఆమెను మంచం దిగనివ్వడం లేదని గొప్పగా కూడా చెప్పుకున్నాను. మగ్దలేనమ్మ చేతిలోని సీసా పక్కన పెట్టింది.

"మంచాన పండవెడితె ఇంకింత బిగుస్తది బిడ్డా. అరిగిన కీలు మల్ల కొత్తగ రాదు. గని కాపాడుకుంటె నడవొచ్చు."

పొద్దున బిగుసుకుంటే వేడినీళ్ల గుడ్డ, సాయంత్రం వాస్తే కుండలోని చల్లనీళ్ల గుడ్డ వేయమన్నది. గొంతుక్కూర్చోవద్దు, నేలమీద మఠం వేయొద్దు. కర్ర పట్టుకొని కొద్దికొద్దిగా, ఆగి ఆగి నడవాలి. అన్నిటికంటే ముఖ్యం, ఎత్తుమీద కూర్చొని కాళ్లు కిందికి వేలాడేసి, ఒక్కో కాలూ ముందుకు చాచి, ఐదు లెక్కపెట్టేదాకా ఆపి దించాలి. తొడ గట్టిపడితే మోకాలికి ఆసరా అవుతుందట. దారి పొడవునా వల్లె వేసుకుంటూ వచ్చి, మరిచిపోతానేమోనని బొగ్గుతో గోడమీద రాశాను.

రాశాక గానీ తట్టలేదు, మా ఇంట్లో కుర్చీ లేదు. మంచమా, నులక సాగి జోలెలా ఉంది. అందులో కూర్చుంటే మోకాళ్లు గదవకు తగులుతాయి.

ఆ రోజే పాప అంబాడుకుంటూ మూలకు పోయి, మామ మగ్గం గుంటమీది పలకల్ని దబదబ కొట్టింది. మామ పోయి రెండేళ్లు. మగ్గం విప్పేసి, గుంటకు పలకలు కప్పి ఉంచింది అత్త. ఇంకెవరూ అందులో కాళ్లు పెట్టలేదు. ఆడవాళ్లు గుంటలో దిగే ఆనవాయితీ మా ఇంట్లో మొదటినుంచీ లేదు. నాకు అప్పుడు తట్టింది. నేసే మనిషి గట్టుమీద కూర్చుంటే కాళ్లు ఎక్కడుంటాయి? గుంటలోనే కదా! ఇంత మంచి కుర్చీ ఏ దొర గడీలో ఉంది?

పలకలు లాగేశాను. నేలమీద కూర్చోకుండానే దిగేలా ఇటుకలు పేర్చి లోపలికి మెట్లు కట్టాను. మగ్గానికి కట్టిన పాత తాడు దూలానికి అలాగే వేలాడుతున్నది, పట్టుకోవడానికి సరిపోతుంది. గట్టితనం చూద్దామని నేనే దిగి కూర్చున్నాను.

అత్త గోడ పట్టుకుంటూ వచ్చింది. ముఖం ఎర్రబడింది.

"లే పిల్లా. గది మీ మామ జాగ. కన్నకొడుకునే కూసోనియ్యలే నేను."

నేను లేవలేదు. "మామ ఉంటే నీకు వాతలు పెట్టనిస్తుండెనా అత్తా?"

అత్త మూతి ఒక పక్కకు నవ్వుగా కదిలింది. "ఆయననా? మూతి కాల్తదని చుట్ట సుత నాతోనే అంటిపిచ్చుకుంటుండె." అని తాడు అందుకుంది.

మొదటి రోజు రెండుసార్లు కాలు చాచేసరికి తొడ గడగడలాడింది, అత్త నన్ను తిట్టింది. లెక్క ఎగ్గొడుతున్నదని, లెక్కకు బదులు పాపను ఐదుసార్లు పేరు పెట్టి పిలవమన్నాను. "శంకరవ్వా" అన్నప్పుడల్లా పాప గుంట ఎదుటి అంచుదాకా పాకివచ్చి ఆ కాలి బొటనవేలు పట్టుకునేది. పక్కన తన సొంత మగ్గం గుంటలో నేస్తున్న మా ఇంటాయన, ఇంక తనకు పోటీ వచ్చిందని వెక్కిరించాడు. పడుగును అత్త బదులు పక్కింటి సత్తమ్మ నడిచి పోసింది. అత్త గుంట గట్టుమీద కూర్చొని తలుపులోంచి చూస్తూ పోగు తప్పినప్పుడల్లా కేకేసింది. రోజులు తగ్గుతున్నకొద్దీ నాకు భయం, ఆశ రెండూ పెరిగాయి. పొద్దుటి బిగువు కాస్త సడలింది. వాపు మాత్రం ఒకరోజు తగ్గేది, ఒకరోజు మొండికేసేది.

అమావాస్య మరునాడు అంతయ్య రానే వచ్చాడు. కడ్డీ తీసి పొయ్యి ఎక్కడని అడిగాడు. అత్త గుంటలోనే ఉంది. నేను చేయందించబోతే వద్దన్నది. తాడు పట్టుకొని, ఒక ఇటుక మెట్టు, రెండో మెట్టు ఎక్కింది. మోకాలు కటుక్కుమన్నది. అత్త ఆగలేదు. కర్ర అందుకొని వాకిలిదాకా తనే నడిచింది.

"పొయ్యి మండుతున్నదే అంతయ్యా. నీ కడ్డీకి గాదు, చాయకు. తాగి పో."

అంతయ్య ఆమె మోకాళ్లు చూశాడు, నన్ను చూశాడు, కడ్డీని మళ్లీ సంచిలో పెట్టాడు. నేను పొయ్యి దగ్గరికి పరుగెత్తాను. ఉడుకుతున్న చాయలో బెల్లం వేశానో లేదో గుర్తులేక మళ్లీ వేశాను.