కదలనివాడి ఫోటో

ఆ బస్సు డిపోలో ఒక ఆనవాయితీ ఉంది. రిటైరయ్యే డ్రైవరుకు ఆఖరి డ్యూటీ నాడు ఒక ఫోటో తీసి విశ్రాంతి గది గోడకు తగిలిస్తారు. ముప్ఫై ఒక్క ఏళ్లు రాత్రి బస్సు నడిపిన పెద్దాయన ఆ గోడ మీద తన చోటు ఎప్పుడో చూసిపెట్టుకున్నాడు. ఆ రోజు యూనిఫాం చొక్కాను రెండుసార్లు ఇస్త్రీ చేయించాడు.

ఫోటో బాధ్యతను పెద్దల్లుడు అడక్కుండానే నెత్తికెత్తుకున్నాడు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, నెల క్రితం కెమెరా కొన్న దగ్గర్నుంచీ ఆయన మెడలోంచి దాన్ని తీసింది లేదు. ఆయన మరదలు, అంటే పెద్దాయన చిన్నకూతురు, స్టూడియోలో పాస్‌పోర్టు ఫోటోలు తీస్తుంది, రోజుకు నలభై మొహాలు. బావగారి లెక్కలో అది ఫోటోగ్రఫీ కాదు, జిరాక్సు.

"బస్సు గేటు దాటుతుంటే షట్టరు ఇరవై సెకన్లు తెరిచిపెడతాను," అన్నాడు ఆయన స్టాండు నిలబెడుతూ. "దీపాలు గీతల్లా సాగుతాయి. చలనం కనబడాలి. అదీ కళంటే."

"అంతసేపు తెరిస్తే కదిలేది చెరిగిపోతుంది కదా బావా. కదలనిదే మిగులుతుంది. మరి నాన్న ఎక్కడ కనిపిస్తాడు?"

"నువ్వు పాస్‌పోర్టు సైజులోనే ఆలోచిస్తావమ్మా."

ఆమెకు ఒళ్లు మండింది. ఇవాళ్టి రోజున నాన్న మనసు పాడుచేయడం ఎందుకని ఊరుకుంది.

గంటన్నర తర్వాత పెద్దాయన ఆఖరి చుట్టుకు ముందు డిపోకు తిరిగొచ్చాడు. అల్లుడు కెమెరా తెర చూపించాడు. గేటులోంచి వీధి మలుపు దాకా రెండు ఎర్రగీతలు, ఒక పచ్చగీత. బస్సు లేదు, డ్రైవరు లేడు. గేటు పక్క బెంచీ మీద మాత్రం సూపర్‌వైజరు, పొట్ట మీద గుండీలతో సహా తేటగా ఉన్నాడు. ఇరవై సెకన్లు కదలకుండా ఉండటం ఆయనకు కష్టమేమీ కాదు, డ్యూటీ ఎక్కిన దగ్గర్నుంచీ అదే పని.

పెద్దాయన తెరను అటూ ఇటూ తిప్పి చూశాడు. "గీతలు బాగున్నాయి అల్లుడుగారూ. ఇందులో నేనెక్కడున్నాను?"

"ఆ పైన ఎర్రగీత మీరే మామయ్యా."

పెద్దాయన కెమెరా అల్లుడి చేతికి తిరిగిచ్చేశాడు. చొక్కా ముందు భాగం సవరించుకుని బస్సు వైపు నడిచాడు. అది చూసి చిన్నకూతురికి ఏడుపొచ్చింది. సంచీలోంచి స్టూడియో పాత కెమెరా తీసి ఆయన వెనకే బస్సెక్కి, డ్రైవరు సీటు పక్కనున్న కడ్డీకి దాన్ని గట్టిగా బిగించింది.

"బిగుసుకుని కూర్చోవాలా అమ్మా?"

"రోజూ ఎలా కూర్చుంటావో అలాగే కూర్చో నాన్నా. కెమెరా నీతోపాటే వస్తోంది. పరుగంతా బయటే."

షట్టరు తెరిచింది ఒక్క సెకను. అద్దాల అవతల దుకాణాలూ దీపాలూ ఒకదాన్లో ఒకటి కలిసి ప్రవహించాయి. వాటి మధ్య పెద్దాయన, ఇస్త్రీ మడతతో సహా, స్థిమితంగా ఉన్నాడు. స్టీరింగు తిప్పుతున్న చేతులు మాత్రం కాస్త చెదిరాయి.

మర్నాడు రెండు ఫోటోలూ సూపర్‌వైజరు బల్ల మీదికి వెళ్లాయి. గోడకు ఏది ఎక్కాలో తేల్చేది ఆయనే. కళ్లజోడు పెట్టుకుని అల్లుడి ఫోటోలో తనను తాను చాలాసేపు చూసుకున్నాడు. "ఇందులో డిపో అంతా ఉంది," అని దాన్నే మేకుకు తగిలించి, కింద 'ముప్ఫై ఒక్క ఏళ్ల నిర్విరామ సేవకు' అని రాయించాడు. అల్లుడు ఉబ్బి తబ్బిబ్బయ్యాడు.

పెద్దాయన దాని ముందు కాసేపు నిలబడ్డాడు. "న్యాయమే," అన్నాడు కూతురితో. "అన్నేళ్లు కదలకుండా కూర్చోవడం మాటలా?"

ఆయన బస్సుకు కొత్తగా వచ్చిన డ్రైవరు రెండో ఫోటో అడిగి తీసుకుని సీటు పైన అతికించుకున్నాడు. ఇప్పుడు కండక్టర్లూ, మెకానిక్కులూ, రాత్రి ప్రయాణికులూ అందరూ దాన్ని రోజూ చూస్తారు. సూపర్‌వైజరుకు మాత్రం ఇంతవరకూ ఆ సంగతి తెలియదు. ఆయన బస్సెక్కితే కదా తెలిసేది.