పదకొండేళ్లు నోరు విప్పని సభ్యుడు

వీరరాఘవులు అప్పటికే ఆరో పేజీలో ఉన్నాడు. ఎడమచేతి వేలు స్క్రీన్ మీది పాత దస్తూరీ వెంట జరుగుతోంది, కుడిచెయ్యి టైపు చేస్తోంది. మెడ ముందుకు వంగి ఉంది. భోజనం దగ్గరా అలాగే వంగుతాడని భార్య పద్మ వెక్కిరిస్తుంది. పద్మ మిల్టన్ నుంచి రైల్లో టొరంటో వెళ్లి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తుంది. ఆయన కారులో గ్వెల్ఫ్ ఊళ్లోని పాత దస్తరాల ఆఫీసుకొచ్చి, ఎప్పుడో పోయినవాళ్ల హాజరు పట్టీలు కంప్యూటర్లోకి ఎక్కిస్తాడు. విందుల్లో ఎవరైనా "మీరేం చేస్తుంటారండీ?" అని అడిగితే "టైపింగండీ" అనేసి పకోడీల వైపు జరిగిపోతాడు.

ఇవి అమెరికా ఇంకా ఇంగ్లండు రాజు చేతిలో ఉన్నప్పటి ఒక వలసరాజ్యపు శాసనసభ దస్తరాలు. స్వాతంత్ర్య యుద్ధంలో రాజుగారి పక్షం వహించిన గుమాస్తా ఒకడు వీటిని పెట్టెలో వేసుకుని కెనడా పారిపోయి వచ్చాడట. ఇప్పుడు ఆ సభ్యుల జీవితాలతో పుస్తకం వస్తోంది. సభలో మాట్లాడినట్టో, ఏదో ఒక పని చేసినట్టో దాఖలా ఉంటేనే అందులో చోటు.

అబ్నర్ హోల్ట్ అనే సభ్యుడికి అలాంటి దాఖలా ఏదీ లేదు. పదకొండేళ్లు సభకొచ్చాడు, మూగనోము పట్టినట్టు కూర్చున్నాడు. సాయంత్రం నాలుగింటికి జాబితా మూసేస్తారు. వీరరాఘవులు కాంట్రాక్టూ ఇవాళ్టితో సరి. ఈ ఒక్క మనిషిని పుస్తకంలోంచి జారిపోనివ్వడం ఆయనకు బొత్తిగా ఇష్టం లేదు. ఎందుకంటే చెప్పలేడు. పదకొండేళ్లు ఊరికే ఎవడొస్తాడు?

"హీ డిడ్ నథింగ్, అంకుల్," అంది కావ్యశ్రీ. పుస్తకానికి సంపాదకురాలు. ఇక్కడే పుట్టిన పిల్ల. తెలుగు అర్థమవుతుంది గానీ జవాబు ఇంగ్లీషులోనే వస్తుంది.

"నాలుగు దాకా టైముందిగా అమ్మా. నన్ను చూడనీ."

ఆ సభలో ఎవరు ముందొస్తే వాళ్ల పేరు ముందు రాసేవారు. వానైనా, మంచైనా హోల్ట్ పేరే మొదటిది. అంత పెందలాడే వచ్చి ఏం చేసేవాడు? వీరరాఘవులు పులిహోర సగమే తిని, డబ్బా మూత కూడా పెట్టకుండా మళ్లీ కూర్చున్నాడు.

చివరి చలికాలం పేజీల్లో విషయం పట్టేశాడు. ఇరవై రోజుల పాటు ముప్ఫైరెండు పేర్లూ ఒకే వరసలో ఉన్నాయి. రోజూ అదే వరసలో రావడానికి వాళ్లు మనుషులా, రైలు పెట్టెలా? రాజమండ్రిలో పాతికేళ్లు టైపు కొట్టిన మనిషికి ఈ కిటుకు తెలియనిది కాదు. గుమాస్తా చలికి బద్ధకించి, తలుపు దగ్గర నిలబడటం మానేసి, నిన్నటి కాగితం చూసి ఇవాళ్టిది దించేశాడు. "దొరికావురా నాయనా" అనుకున్నాడు వీరరాఘవులు, కోపం లేకుండా. తనూ దించినవాడే.

అయితే ఆ ఇరవై రోజులూ నిజంగా ఎవరొచ్చారో దేవుడికెరుక. పుస్తకానికి అక్కర్లేదని పక్కన పెట్టిన విడి కాగితాలు కొన్ని ఉన్నాయి. వాటిని తెరిచాడు. మూడూ ఇరవైకి, సభ తలుపు దగ్గరి జవాను సభాపతికి పెట్టుకున్న అర్జీ కనబడింది. కావ్యశ్రీని పిలిచి మెల్లగా పైకి చదివాడు.

'సభ్యులు చలికి ఓర్వలేక నన్ను తిడుతున్నారు. పొయ్యి వెలిగించడం నా పని కాదు. హోల్ట్ గారే అందరికన్నా ముందొచ్చి వెలిగించేవారు. ఆయన చనిపోయి నేటికి ఇరవై రోజులు. ఇకమీదట ఎవరు వెలిగించాలో సెలవియ్యండి.'

చచ్చిపోయినవాడికి ఇరవై రోజులు హాజరు వేశారు, అదీ మొదటి పేరుగా! వీరరాఘవులుకు నవ్వొచ్చింది, కానీ నవ్వకుండా అర్జీని మళ్లీ మొదట్నుంచీ చదివాడు.

"దిస్ కౌంట్స్," అంది కావ్యశ్రీ. తెలుగు మాటలు వెతుక్కుంటూ, "మీరే రాయండి అంకుల్. టూ సెంటెన్సెస్."

ఆ రెండు వాక్యాలకి ఆయనకు ఇరవై నిమిషాలు పట్టింది. రాశాక, చెప్పకుండా మూడోది కూడా చేర్చాడు. ఉంచుతుందో కొట్టేస్తుందో ఆ పిల్ల ఇష్టం. పాస్ కార్డు బల్లమీద పెట్టి, "వస్తానమ్మా" అని బయటికి నడిచాడు. పద్మ రైలు దిగే వేళకి స్టేషన్లో ఉండాలి.

మూడో వాక్యం ఆయన సొంతం కాదు, అర్జీ చివర ఆ జవాను రాసిందే: హోల్ట్ గారి ఉన్ని చేతితొడుగులు కట్టెల మీదే ఉన్నాయి, తీయడానికి ఎవరికీ చేతులు రావడం లేదు.