దించని విల్లు

మనిషిని భయం ఎటునుంచి పట్టుకుంటుందో చెప్పలేం గానీ, మార్లా హెస్టర్‌ని మాత్రం లెస్టర్ బొటనవేలి దగ్గర పట్టుకుంది.

లెస్టర్ మూడు వారాలకోసారి ఆమె దుకాణానికి వచ్చి జుట్టు కత్తిరించుకునే ముసలాయన. ఆయన ఎడమచేతి బొటనవేలు సగమే ఉంటుంది. మిగతా సగాన్ని క్రాస్‌బో నారి ఎత్తుకుపోయింది. తుపాకీలా మీట నొక్కితే బాణం వదిలే అడ్డవిల్లు అది. విల్లుని కిందనుంచి పట్టుకున్న చేతి బొటనవేలు, బాణం కూర్చునే గాడి మీదికి ఒక్క అంగుళం లేచిందట, అంతే. "నొప్పి కూడా తెలీలేదమ్మా, వేలెటు పోయిందా అని ఆకుల్లో వెతుక్కున్నా" అని నవ్వుతూ చెప్పేవాడు. వినేవాళ్లకి నవ్వు రావద్దూ? కత్తెర పట్టుకున్న మార్లా వేళ్లు చల్లబడిపోయేవి. ఇరవై రెండేళ్లుగా ఆ వేళ్లే ఆమెకి తిండి పెడుతున్నాయి.

అలాంటి మనిషికి క్రాస్‌బో కొనాల్సి రావడం చూడండి! పదమూడో ఏటినుంచి మామూలు విల్లుతో జింకల్ని కొట్టిన చెయ్యి ఆమెది. పోయిన వేసవిలో కుడి భుజానికి ఆపరేషనయింది. ఇక ఈ జన్మకి విల్లు లాగడం మర్చిపొమ్మన్నాడు డాక్టరు. అడ్డవిల్లుకైతే నారిని చిన్న మర తిప్పి వెనక్కి లాగొచ్చు. తుపాకీ సీజను చూస్తే వారం రోజులు, ఆ వారంలో దుకాణంలో ఊపిరి సలపదు. బాణాల సీజనైతే నాలుగు నెలలుంటుంది. మొగుడు డగ్ లారీ తోలుతూ ఎప్పుడో గానీ ఇల్లు చేరడు. ఏటా రెండు జింకలు పడకపోతే ఆ ఇంట్లో చలికాలం గడవదు. పైగా ఒహాయోలోని ఆ కొండల్లో అక్టోబరు వచ్చాక బజారు మాంసం కొనుక్కోవడమంటే నామోషీ.

ఏది కొనాలని నోరు జారి అడిగిందో లేదో, కుర్చీలో కూర్చున్న ప్రతివాడూ పండితుడైపోయాడు.

"సెకనుకి నాలుగొందల అడుగులు పోవాలి. అంతకు తక్కువైతే అది విల్లు కాదు, ఉండేలు" అన్నాడు పెట్రోలు బంకు వెర్న్.

"నువ్వు కొట్టేది జింకనిరా, ఏనుగుని కాదు" అని అద్దంలోంచే కసిరాడు లెస్టర్. "చూడమ్మా మార్లా, నూట యాభై పౌన్ల లాగుడు, సెకనుకి మూడొందల అడుగుల వేగం. అది చాలు. ముప్ఫై గజాల లోపే కొట్టు. అంతకంటే దూరమైతే మన అడవిలో చెట్టే అడ్డొస్తుంది. మిగతాదంతా ఇలాంటివాళ్లు చెప్పుకోడానికి."

"వేలు పోగొట్టుకున్నోడి దగ్గరా సలహాలు?"

"పోగొట్టుకున్నా గనకే చెబుతున్నా. నీది పోయాక నువ్వూ చెబుదువుగాని."

లెస్టర్ చెప్పిన లెక్కకి సరిపోయేవి కూడా పట్నం షాపులో కొత్తవి నాలుగొందల డాలర్లకి తక్కువ లేవు. అంత పెట్టే స్తోమతు తనకి లేదు. ఆ సమయంలోనే కిరాణా కొట్టు గోడమీద చీటీ కనబడింది. 'ఓరిన్ క్రాస్‌బో. నూట పాతిక. ఆర్డిత్‌ని అడగండి.' గుడ్డివాడికి కన్ను దొరికినట్టయింది మార్లాకి.

ఆర్డిత్ అంటే ఊళ్లో అందరికీ తెలిసిన మనిషే. బడి వంటశాలలో ముప్ఫై ఏళ్లు గరిటె తిప్పింది, మార్లాకి చిన్నప్పుడు పళ్లెంలో అడక్కుండానే ఇంకో రొట్టె వేసేది. మొగుడు ఓరిన్ పోయి సరిగ్గా ఏడాది. ఒకరోజు పొద్దున వేటనుంచి వచ్చి, సోఫాలో పడుకుని, మళ్లీ లేవలేదు. నిద్రలోనే పోయాడు, అదృష్టవంతుడు అనుకుంది ఊరు.

సోమవారం దుకాణానికి సెలవు. పదకొండు గంటలకి మార్లా వెళ్లేసరికి ఆర్డిత్ గ్యారేజీలో పాత సామాను వేరు చేస్తూ ఉంది. డెబ్బై ఎనిమిదేళ్లున్నా గొంతు మాత్రం బడిపిల్లలందరినీ ఒక్క కేకతో కూర్చోబెట్టిన గొంతే.

"రావే పిల్లా. అదిగో, అక్కడ, ఫ్రిజ్ పైన గోడకుంది. ఆయన తగిలించిన చోటే ఉంది, నేను వేలేసి తాకలేదు. చూసుకో."

మాంసం దాచుకునే పెద్ద పెట్టె ఫ్రిజ్ అది. దాని పైన గోడకి రెండు మేకుల మీద విల్లు అడ్డంగా ఉంది. మంచి సరుకే. నూట డెబ్బై అయిదు పౌన్లని పక్కన రాసుంది. లెస్టర్ చెప్పినదానికంటే ఓ పిడికెడు ఎక్కువే. మార్లా సంతోషంగా దగ్గరికెళ్లింది. చెయ్యి చాపింది. చాపిన చెయ్యి అలాగే ఆగిపోయింది.

నారి ఉండాల్సిన చోట లేదు. వెనక్కి, గొళ్లెం దాకా లాగి ఉంది. విల్లుకి అటూ ఇటూ ఉండే రెండు రెక్కలూ వంగి ఉన్నాయి. ఆ విల్లు ఏడాదిగా ఎక్కుపెట్టే ఉంది!

ఆ ఊళ్లో వేటగాడి ఇంట పుట్టిన చంటిపిల్లని లేపి అడిగినా చెబుతుంది. ఇలాంటి విల్లు ఒకసారి ఎక్కుపెట్టాక చేత్తో దించడానికి లేదు. దాని కడుపులో ఉన్న బలమంతా బాణం మోసుకుపోవాల్సిందే. అందుకే జింక కనబడని రోజున కూడా వేటగాడు ఇల్లు చేరేముందు ఒక బాణం మట్టిలోకి వదిలేస్తాడు. రాత్రంతా ఎక్కుపెట్టి ఉంచితేనే రెక్కలు పాడవుతాయంటారు. ఇది ఏడాది! అందులో ఒక చలికాలం, ఒక ఎండాకాలం. ఎడమ రెక్క మీద సన్నటి తెల్లగీత కూడా కనిపించింది. అది గీతో, చీలికో. ఎక్కువసేపు చూడ్డానికి కూడా ధైర్యం చాల్లేదు.

"ఏమే, దయ్యాన్ని చూసినట్టు నిలబడ్డావు?"

"పెద్దమ్మా, ఇది... ఎక్కుపెట్టి ఉంది. నువ్వు ఇటు రాకు."

"ఎక్కుపెట్టుంటే దించు. తాడేగా!" అంటూ ఆర్డిత్ బల్లమీద ఉన్న తోట కత్తెర తీసుకుని మూడంగల్లో వచ్చేసింది.

"ముట్టుకోకు!"

మార్లా అరిచిన అరుపుకి ఆమెకే చెవులు గింగురుమన్నాయి. ఆర్డిత్ కత్తెర పైకెత్తి అలాగే చూస్తూ ఉండిపోయింది.

"అది తెగిందంటే రెక్కలు ముక్కలై మన మొహాల్లోకొస్తాయి పెద్దమ్మా. కళ్లు పోతాయి. చేతులు పోతాయి."

"ఏడాదినించీ రోజూ దాని కింద తల పెట్టి మొక్కజొన్న కండెలు తీసుకుంటున్నా. నన్నేం చేసింది?"

ఆ మాటకి మార్లా భయం రెట్టింపయింది. మూడొందల అరవై రోజులు ఈవిడ నెత్తి దాని కింద! "షెరీఫ్ ఆఫీసుకి ఫోన్ చేద్దాం. ఎవరో ఒకరొస్తారు."

"తాడు కోయడానికి పోలీసులా? ఊరంతా నవ్విపోతుంది. నీకు భయమైతే ఇంటికెళ్లవే, నేను చూసుకుంటా."

చూసుకుంటుంది, సందేహం లేదు. మార్లా బండి మలుపు తిరక్కముందే కత్తెర వేస్తుంది. ముసలిదాని మొండితనం మీద ఒళ్లు మండింది. మండినంత మాత్రాన వదిలేసి పోగలదా? 'ఎందుకొచ్చానురా దేవుడా! పది వేళ్లతో బయటపడితే షాపులో అన్నిటికంటే నెమ్మదిగా పోయే దాన్ని కొనుక్కుంటా' అనుకుంది.

"సరే. నేను చెప్పినట్టు చెయ్. నేను పిలిచేదాకా నా ట్రక్కు వెనకనుంచి కదలకూడదు. ఒట్టెయ్."

"బడిపిల్లనా నేను?"

"ఒట్టెయ్ పెద్దమ్మా!"

ఆర్డిత్ గొణుక్కుంటూ ఒట్టేసింది.

పెరట్లో కొయ్యబల్ల ఉంది, దాని ఎదురుగా నిలువెత్తు మట్టిగట్టు. మార్లా తన ట్రక్కుని బల్లకి ఇవతల అడ్డంగా నిలిపింది. తర్వాత గ్యారేజీలోకి వెళ్లింది. మీట కదలకుండా ఆపే సేఫ్టీ పడి ఉందా అని ఒకటికి నాలుగుసార్లు చూసింది. రెండు చేతులూ గాడికి బాగా కిందగా పెట్టి, మేకుల మీదనుంచి విల్లుని పైకి లేపింది. ఎక్కడో చిటుక్కుమంది. మేకు కదిలిన చప్పుడది.

బల్ల దాకా ఇరవై అడుగులు. పెళ్లినాడు చర్చిలో కూడా అంత మెల్లగా నడవలేదు ఆమె. విల్లు మొన నేలకి, మొహం పక్కకి, ఊపిరి బిగబట్టి నడిచింది. ఒక రెక్క విరిగితే మొదట పోయేది తన మోచేతి కింది భాగమని తెలుస్తూనే ఉంది. తెలియకపోతే ఎంత బాగుండు! బల్లమీద విల్లుని పడుకోబెట్టి, అటూ ఇటూ ట్రక్కులో ఉన్న ఉప్పు మూటలు ఆనించాక గానీ ఊపిరి వదల్లేదు.

అసలు గండం అప్పుడు మొదలైంది. గాడిలో బాణం లేకపోతే ఆ విల్లు పేలదు. ఖాళీగా వదిలితే బద్దలవుతుందని లోపల అడ్డు పెడతారు. అంటే ఎవరో ఒకరు బాణాన్ని వేళ్లతో పట్టుకుని, నారి కిందికి తోయాలి. ఎవరో ఒకరేమిటి, తనే.

ఓరిన్ బాణాల్లోంచి ఒకటి తీసింది. ఎడమచేత్తో తోయాలా, కుడిచేత్తోనా అని ఆలోచించింది. కత్తెర కుడిచేతిది. దువ్వెన ఎడమచేతిది. ఏది పోయినా బతుకు పోయినట్టే. చివరికి ఎడమచెయ్యే ముందుకు పెట్టింది. బాణాన్ని గాడిలో వేసి, రెండు వేళ్లతో వెనక్కి జరిపింది. నారి వేళ్లకి బెత్తెడు దూరంలో ఉంది. బాణం ఎక్కడో తగిలి ఆగింది. ఆగడమే ఆలస్యం, చెయ్యి లాగేసుకుంది.

గడ్డిమోపులు కట్టే తాడు మీటకి ముడేసి, తుప్పుపట్టిన సేఫ్టీని బలంగా తోసి తీసి, వంగి వంగి ట్రక్కు వెనక్కి పరిగెత్తింది. ఆర్డిత్ చక్రం పక్కన కూర్చుని ఉంది. మార్లా ఆమె తలని తన భుజం కిందికి లాక్కుని, కళ్లు మూసుకుని, తాడు లాగింది.

ఏమీ కాలేదు.

ఇంకా గట్టిగా లాగింది. ఏమీ కాలేదు.

"ఏమైందే?"

మార్లాకి తెలుసు. బాణం పూర్తిగా లోపలికి పోలేదు. వేలెడు తోయాల్సిన చోట అరవేలెడు తోసి, భయానికి చెయ్యి లాగేసుకుంది. ఇప్పుడు సేఫ్టీ కూడా లేదు. మళ్లీ వెళ్లాలి.

"నేను... బాణం సరిగ్గా పెట్టలేదు. మళ్లీ తోసి రావాలి."

ఆర్డిత్ మార్లా మొహం చూసింది. ఆ మొహంలో ఏం కనబడిందో గానీ, అప్పటిదాకా గంతులేసిన ముసలిది చప్పబడిపోయింది.

"వద్దు. వదిలెయ్. షెరీఫ్‌నే పిలుద్దాం. నవ్వితే నవ్వనీ."

"సేఫ్టీ తీసేశాను పెద్దమ్మా. ఉడత దూకినా, గాలికి తాడు బిగుసుకున్నా... అలా వదిలెయ్యలేం."

"నీ వేళ్లే అవి! వద్దంటుంటే!" మార్లా చొక్కా పట్టుకుని లాగింది ఆర్డిత్.

మార్లా ఆ చెయ్యి విడిపించుకుంది. బల్లదాకా ఎలా వెళ్లిందో ఆమెకి గుర్తులేదు. ముందు సేఫ్టీని వెనక్కి జరపబోయింది. తుప్పుకి అది బిగుసుకుపోయి రాలేదు. ఇక మిగిలింది బాణమే. చేతులు పక్కవాళ్లవేమో అన్నంతగా వణికాయి. ఏడుపొచ్చింది, ఏడుస్తూనే బాణాన్ని పట్టుకుంది. ఈసారి చెయ్యి లాగెయ్యకూడదు. ఏమైనా సరే లాగెయ్యకూడదు. తోసింది. ఇంకాస్త. లోపల 'టక్' మంది.

అది తన వేలు విరిగిన చప్పుడనే అనుకుంది ఒక్క క్షణం. కాదు, బాణం కూర్చుంది. ఎలా వెనక్కి వచ్చిపడిందో వచ్చిపడింది. తాడు లాగింది.

తుపాకీ పేలినట్టయింది. ట్రక్కు ఇనుపరేకు మీద ఏదో ఠంగున తగిలి, ఇద్దరి నెత్తిమీదుగా ఈలవేసుకుంటూ పోయింది. మట్టిగట్టులోకి బాణం ఈకలతో సహా దిగిపోయింది. బల్లమీద విల్లుకి ఎడమ రెక్క లేదు. నారి చచ్చిన పాములా గడ్డిలో పడి ఉంది.

మార్లా నేలమీద చతికిలబడింది. ఆర్డిత్ ఆమె రెండు చేతులూ గుంజుకుని, ఒక్కో వేలూ పట్టుకుని లెక్కపెట్టింది. పదికి వచ్చాక నమ్మకం లేక మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టింది. లెక్క అయ్యాక చేతులు వదల్లేదు.

వాటిని అలా పట్టుకునే అడిగింది: "మార్లా, ఓరిన్ దీన్నెందుకు దించలేదే?"

మార్లా గ్యారేజీలో ఆ విల్లు చూసినప్పటినుంచీ ఈ ప్రశ్నకే లోపల్లోపల భయపడుతూ ఉంది. "మర్చిపోయుంటాడు పెద్దమ్మా."

"నలభై ఏళ్లలో ఒక్కనాడు మర్చిపోలేదు. ఆ గట్టులోకి వదిలి గానీ లోపలికి అడుగు పెట్టేవాడు కాదు." ఆర్డిత్ గట్టుకేసే చూస్తోంది. "ఆ రోజు నేను పొయ్యిమీద ఆపిల్ జామ్ కాస్తున్నా. వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. 'ఆర్డిత్, కాస్త నా దగ్గర కూర్చో' అన్నాడు. ఎప్పుడూ అలా అడిగే మనిషి కాడు. కలపడం ఆపితే అడుగంటుతుంది, ఆగమన్నాను. గంటసేపు కలిపాను. వెళ్లి చూసేసరికి సోఫాలో పోయి ఉన్నాడు. నిద్రలోనే పోయాడని ఊరందరికీ నేనే చెప్పా."

గట్టు అవతలి అడవి వాలు మీదనుంచి ఒంటరిగా, ఛాతీ పట్టుకుని, బాణం వదలడానికి కూడా ఆగలేక దిగివస్తున్న మనిషి మార్లా కళ్లకి కట్టాడు.

"ఆయనకి భయమేసిందంటావా? ఇప్పుడు నీకు వేసినట్టు?"

నిద్రలో పోయినవాడికి భయమేమిటి పెద్దమ్మా అందామనుకుంది మార్లా. నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఆమె వేళ్లు ఇంకా వణుకుతున్నాయి, ఆ వేళ్లు ఆర్డిత్ చేతుల్లోనే ఉన్నాయి. వాటిని పెట్టుకుని అబద్ధం చెప్పడం ఆమె వల్ల కాలేదు.

"వేసే ఉంటుంది పెద్దమ్మా. చాలా వేసి ఉంటుంది. అందుకే అది కూడా దించకుండా నీ దగ్గరికొచ్చాడు."

ఆర్డిత్ తలూపింది. మార్లా ఇంకాస్త దగ్గరికి జరిగి, ఆమె పక్కనే ట్రక్కు చక్రానికి ఆనుకుని కూర్చుంది.