అద్దాల తొట్టిలో నాచు

గురవమ్మ మోచేతిదాకా నీళ్లలో చెయ్యి ముంచి పండిన ఆకుల కోసం తడుముతోంది. కంటితో చూడవలసిన పని లేదు. బాగున్న ఆకు వేళ్ల మధ్య నుంచి జారిపోతుంది. పండిన ఆకు జిగటగా వేలికి చుట్టుకుంటుంది. అట్లా చుట్టుకున్నదాన్ని మొదలు దగ్గర గిల్లి, పైకి తీసి, పక్కనున్న పాత మూకుడులో వేస్తోంది. పక్క మొక్కల వేళ్లు కదిలితే అడుగున ఉన్న ఇసుక లేచి నీళ్లు కలకబారుతాయి. అందుకని ఊపిరి కూడా మెల్లగా తీస్తోంది.

ఆ అద్దాల తొట్టి వకీలు దొరస్వామయ్య ఇంటి ముందు వరండాలో, కక్షిదారులు కూర్చునే బల్లకు ఎదురుగా ఉంటుంది. చిత్తూరు నుంచి బదిలీ అయిపోయిన ఒక దొర సామాన్లు వేలం వేస్తుంటే వకీలు పాడుకుని తెచ్చాడు. మద్రాసు నుంచి ఎర్రచేపలు కూడా తెప్పించాడు. ఇంట్లో పిల్లలు అన్నం మెతుకులు వేసి వేసి నెల తిరక్కుండానే వాటిని చంపేశారు. ఉత్త తొట్టి చూడ్డానికి బాగా లేదని, "ఏట్లోనించి ఏదన్నా నాచు తెచ్చి వెయ్యవే" అన్నాడు గురవమ్మతో. ఆమె నీవా ఏటి మడుగులో దిగి, నాడాల్లాంటి పొడుగాటి ఆకులున్న మొక్కలను వేళ్లతో సహా పెరికి తెచ్చింది. ఇసుకను తేటనీళ్లు వచ్చేదాకా కడిగి అడుగున పరిచింది. ఒక్కో మొక్కనూ వరినారు నాటినట్టు నాటింది.

ఆ నాటిన నాలుగు మొక్కలూ అరటిచెట్టుకు పిలకలు వచ్చినట్టు వేళ్ల పక్కనుంచి పిలకలు వేసి, ఏళ్లు గడిచేసరికి తొట్టినంతా నింపేశాయి. కొబ్బరిపీచుతో అద్దానికి పట్టిన పాకుడు తుడవడం, బావినీళ్లు ఒక పూట ఎండలో పెట్టి ఆ వేడితోనే పోయడం, పాతనీళ్లు కొంచెమే తీసి కొత్తనీళ్లు కొంచెమే కలపడం, ఇవన్నీ ఆమెకు ఎవరూ చెప్పలేదు. చేసి చూసుకుని నేర్చుకుంది. పొద్దుటి ఎండ పడినప్పుడు ఆకుల అంచుల నుంచి సన్నని బుడగలు పూసల్లా పైకి లేస్తాయి. ఈ ఆషాఢంలో పూత కూడా వచ్చింది. దారంలాంటి కాడ చివర ఆవగింజంత తెల్లని పువ్వు నీళ్ల మీదికొచ్చి తేలుతోంది.

కక్షిదారులెవరైనా అడిగితే, ఇది కూడా మద్రాసు నుంచే తెప్పించానంటాడు వకీలు. గురవమ్మ ఆ మూల ఊడుస్తూ వింటుంది. చీపురు ఆగదు.

ముప్పై ఏళ్లుగా పనిచేస్తున్న ఆ ఇంట్లో ఆమె చెయ్యి పెట్టగలిగిన నీళ్లు ఆ తొట్టిలోవి మాత్రమే. బావి గిలక ముట్టుకోకూడదు. వంటమనిషి చేది పైనుంచి పోస్తే బిందె కింద పెట్టి పట్టుకోవాలి. తాను తోమిన గిన్నెల మీద నీళ్లు చల్లుకుని గాని లోపలికి తీసుకుపోరు. తొట్టినీళ్లు తాగేవి కావు, మడివి కావు, వంటవి కావు. కాబట్టి వాటి జోలికి ఎవరూ రారు. మొగుడు కోలారు గనుల్లో పనికని పోయి అక్కడే ఇంకొకతెతో ఉండిపోయాడు. ఒక్క కూతురిని పలమనేరులో ఇస్తే తొలికాన్పులోనే పోయింది. తొట్టి ఆ ఇంటికి వచ్చింది ఆ ఏడే. తన చేత్తో పెట్టినది ఒకటి తన కళ్ల ముందు పెరగడం గురవమ్మ అక్కడే చూసింది.

"ఏందక్కా, నీ పెండ్లికూతురికి తలదువ్వేది ఇంగా కాలేదా?" అన్నాడు జట్కా మునస్వామి, మెట్ల దగ్గర నిలబడి. వకీలును కోర్టుకు తీసుకుపోయే బండి అతనిదే.

"నీ గుర్రానికి దువ్వు పోరా, ఈగలు పట్టి సస్తా ఉండాది."

"దానికి ఈ పొద్దు ఉపాసమక్కా. సూరిగ్గెరణం. ఇడిసేదాకా గడ్డి పరక కూడా వేయగూడదంట. అదేమో నాకేసి వకీలు మాదిరి సూస్తా ఉండాది, ఫీజు ఇయ్యనోణ్ణి సూసినట్టు."

గురవమ్మకు నవ్వొచ్చింది. అంతలోనే లోపలినుంచి రుక్మిణమ్మ గొంతు వినిపించింది. వకీలు భార్య ఆమె. గడప ఇవతలికి రాకుండా, చీరకొంగు బిగించి నిలబడింది.

"గురవా, గ్రహణం విడవంగానే ఇంట్లో నీళ్లన్నీ పారబోయాల. ఆ తొట్టి కూడా బోర్లించెయ్. ఆ నాచంతా పెరికి దిబ్బలో వెయ్."

గురవమ్మ చెయ్యి నీళ్లలోనే ఆగిపోయింది.

ఇంతకుముందు గ్రహణాలు రాలేదా అంటే వచ్చాయి. అప్పుడు వకీలు తల్లి ఉండేది. ముసలామె అన్ని కుండల్లో, ఊరగాయ జాడీల మీద దర్భపుల్లలు వేసుకుంటూ వచ్చి, చివరికొక పుల్ల తన చేత్తోనే తొట్టిలో కూడా వేసేది. దర్భ పడ్డ నీళ్లకు గ్రహణం అంటదు, పారబొయ్యక్కర్లేదు. పోయిన మాఘంలో ఆమె చనిపోయింది. కోడలికి మొదటినుంచీ ఆ తొట్టి అంటే గిట్టదు. దోమలంటుంది, బురదవాసనంటుంది.

"అమ్మా, పెద్దమ్మగారు ఒక దర్భపుల్ల వేసేవాళ్లు..." అంది గురవమ్మ లేచి నిలబడి. మోచేతినుంచి నీళ్లు కారుతున్నాయి. "ఒక్క పుల్ల ఇప్పించండమ్మా. పూతకొచ్చి ఉండాది."

రుక్మిణమ్మ నవ్వింది. "పూతకొస్తే? కాయలు కోసి కూర చేస్తావా? నువ్వు దినామూ చెయ్యి పెట్టి కలబెట్టే నీళ్లకు దర్భ యాంటికే? మంత్రం చెప్పి కోసిన దర్భ అది."

గురవమ్మ వకీలు వైపు చూసింది. ఆయన పడకకుర్చీలో కాగితాలు చూసుకుంటున్నాడు. విన్నాడు. కాగితం తిప్పి, "అవన్నీ ఆడవాళ్ల సంగతులు. నన్ను లాగొద్దు" అన్నాడు.

గ్రహణం పట్టగానే పట్టుస్నానాలు అయ్యాయి. అందరూ లోపల తలుపులు వేసుకుని కూర్చున్నారు. వీధిలో మనిషి లేడు. మునస్వామి గుర్రాన్ని పాకలో కట్టేసి తానూ అక్కడే ముడుచుకున్నాడు. గురవమ్మను ఎవరూ లోపలికి రమ్మనలేదు. ఆమె పెరటి వసారాలో కూర్చుంది. మెల్లగా వెలుతురు మాసిపోయింది. వేపచెట్టు నీడలో గుండ్రంగా పడే ఎండచుక్కలన్నీ కొడవళ్లలా వంకరపోయాయి. కోళ్లు గూటికి చేరాయి.

ఆమె లేచి ముందు వరండాలోకి వెళ్లి తొట్టి చూసింది. బుడగలు రావడం లేదు. ఆకులు కదలకుండా నిలబడి ఉన్నాయి.

తిరిగి పెరటి వసారాలోకి వచ్చింది. అక్కడ గోడవారగా, పొద్దున ఎండకు పెట్టి తీసిన మాగాయ జాడీలు వరుసగా ఉన్నాయి. మూతికి తెల్లగుడ్డ, గుడ్డ మీద పురికొస, పురికొస కింద దర్భపుల్లలు. చివరి జాడీకి రెండు పుల్లలున్నాయి. ఒకటి తీసినా ఒకటి ఉంటుంది కదా అనుకుంది. జాడీ తాకే పని కూడా లేదు, పుల్ల కొస పట్టుకుంటే చాలు. కానీ పురికొస బిగువుగా ఉంది. పుల్ల రాలేదు. ఎడమచేత్తో గుడ్డ నొక్కిపట్టి లాగవలసి వచ్చింది.

దర్భను తొట్టిలో వేసి, పువ్వుకు తగలకుండా వేలితో పక్కకు జరిపింది. ఇంక ఫరవాలేదనుకుంది. కడుపులో ఆకలి అప్పుడు గుర్తుకొచ్చింది.

గ్రహణం విడిచింది. విడుపుస్నానం చేసి, తడిచీరతోనే రుక్మిణమ్మ జాడీలు లోపలికి చేర్చడానికి వచ్చింది. చివరి జాడీ దగ్గర వంగి, అట్లాగే ఆగింది. గుడ్డ మీద బొటనవేలి ముద్ర, చుట్టూ నూనె ఊరి పసుపుపచ్చగా కనబడుతోంది. నేరుగా ముందు వరండాలోకి వెళ్లి తొట్టిలోకి తొంగిచూసి వచ్చింది.

"ఏమే, ఎంత ధైర్యమే నీకు?"

"పుల్లే తీసినానమ్మా. ఊరగాయ ముట్టలేదు."

"గుడ్డ ముట్టలేదా? జాడీ ముట్టలేదా? ఏడాదికి పెట్టుకున్న మాగాయే అది! గ్రహణం పట్టినా దోషం లేకపాయె, నువ్వు పట్టినావు దానికి!"

పిల్లలు తలుపు సందులోంచి చూస్తున్నారు. వకీలు దగ్గాడు, కానీ బయటికి రాలేదు.

"పో, ఆ తొట్టి నువ్వే బోర్లించు. నీ చేత్తోనే. రేపటినించి ఈ గుమ్మం తొక్కొద్దు."

గురవమ్మ ముందు వరండాలోకి వెళ్లింది. సొట్టచెంబుతో నీళ్లు తోడి కొబ్బరిచెట్టు మొదట్లో పోసింది. నీళ్లు తగ్గేకొద్దీ ఆకులు నిలబడలేక ఒకదాని మీద ఒకటి వాలిపోయాయి. చివరికి తడి వెంట్రుకల్లా ఇసుకకు అతుక్కుపోయాయి. ఆమె ఒక్కో మొక్కనూ మొదలు దగ్గర పట్టుకుని పెరికింది. వేళ్లు తెల్లగా, ఇసుకతో వచ్చాయి. పువ్వున్న మొక్కను చివర తీసింది. అన్నిటినీ దిబ్బ మీద వేసింది. గ్రహణం విడిచిన ఎండ చురుక్కుమంటోంది.

మునస్వామి పాకలోంచి బయటికొచ్చాడు. ఇప్పుడు ఎగతాళి లేదు అతని గొంతులో. "రొంత కొంగులో ఎత్తుకోక్కా. ఏట్లో నాటుకుందువు."

"ఏట్లో నీళ్లు యాడుండాయిరా? మోకాటిలోతు తవ్వితే గానీ చెలమలో కడివెడు ఊరలేదు. తాగేదానికే సాల్లేదు."

చేతులు చీరకు తుడుచుకుని పెరటి దిడ్డివాకిలి వైపు నడిచింది. రుక్మిణమ్మ వెనకనుంచి పిలిచింది. కోపం కొంచెం చల్లారినట్టుంది. వంటమనిషి చేత, గుడ్డ పట్టుకుని, ఆ జాడీని దిడ్డి పక్కకు చేర్పించింది.

"ఆ జాడీ ఎత్తుకోపో. ఇంగ మాకు పనికిరాదు. ఊరికే పోతావని ఇస్తా ఉండా, ముప్పై ఏండ్లు చేసినావని. సంవత్సరం తినొచ్చు."

గురవమ్మ ఆగి జాడీని చూసింది. ఆ మాగాయకు ముక్కలు తరిగేటప్పుడు టెంకలన్నీ ఏరి పారబోసింది తనే. ముక్క మాత్రం రుచి చూడలేదు. ఇంట్లో ఒంటరికి ఏడాది పొడుగునా కూరకు కరువుండదు. అది ఆమెకు తెలుసు.

"వద్దమ్మా," అంది.

ఆ ఇంట్లో ఆ మాట ఆమె నోటినుంచి అంతదాకా ఎవరూ వినలేదు. రుక్మిణమ్మకు వెంటనే అర్థం కాలేదు. "ఏమంటివే?" అనేసరికి గురవమ్మ దిడ్డి దాటి సందులోకి తిరిగిపోయింది.

సాయంత్రం కొత్తనీళ్లు తోడారు, కొత్తగా వండారు, అందరూ తిన్నారు. మర్నాడు వేరే ఊడ్చేమనిషి వచ్చింది. ఆమె కూడా గురవమ్మ ఉండే పాళెం నుంచే వచ్చింది. విషయం విని వచ్చింది కాబట్టి దిడ్డి పక్కనున్న జాడీ దగ్గరికి చీపురు పోనివ్వలేదు. ఇంట్లోవాళ్లు ముట్టరు, బయటివాళ్లు తీసుకోరు. ఆషాఢం పోయి శ్రావణం వానలు మొదలైనా, దిడ్డివాకిలి పక్కన మాగాయ జాడీ మూతికట్టు విప్పకుండా అట్లాగే ఉంది, తెల్లగుడ్డ మీద బొటనవేలంత నూనెమరకతో.